అధ్యక్షుడికి రాసిన లీవ్ లెటర్

నేను ఉరిశిక్షలకు వ్యతిరేకంగా పనిచేయడం మొదలుపెట్టింది పొరపాటున వేరే గదిలోకి వెళ్ళడం వల్ల. ఈ మాట చెబితే మావాళ్ళు నవ్వుతారు గానీ, జరిగింది అదే.

అప్పటికి మేం న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో కాపురం పెట్టి ఆరేళ్ళయింది. చదువుకోవడానికి వచ్చి, అది కాస్తా అయ్యాక ఎయిర్‌పోర్టు దగ్గర ఒక వేర్‌హౌస్‌లో చేరి, అక్కడే డిస్పాచ్ ఆఫీసులో కుదురుకున్నాను. ఏ ట్రక్కులో ఏ సరుకు ఎక్కాలో, అది ఎన్నింటికి బయలుదేరాలో చూడటం నా ఉద్యోగం. పనికి ఎవరూ వంక పెట్టలేదు. చిక్కంతా నా ఈమెయిళ్ళతోనే వచ్చింది. ట్రక్కు అరగంట ఆలస్యమని చెప్పడానికి నేను నాలుగు పేరాలు రాస్తున్నానని, ఆఖరికి ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పుకుంటున్నారో తెలియడం లేదని మా మేనేజర్ మర్యాదగానే అన్నాడు. లైబ్రరీ పక్క హాల్లో శనివారం పొద్దున ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం ఉచితంగా నేర్పుతారని కూడా ఆయనే చెప్పాడు.

వెళ్ళాను. ఒక గది తలుపు మీద లెటర్ రైటింగ్ అని రాసి ఉంటే లోపలికెళ్ళి కూర్చున్నాను. నేను వెళ్ళాల్సిన క్లాసు ఆ పక్క గదిలో జరుగుతోందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

బల్ల చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ళందరికీ పెద్ద, ఎనభై దాటిన ఒక కివీ ఆవిడ, అంటే ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. రిటైరైన స్కూల్ టీచర్. ఈ దేశంలో ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలవాలి. నాకు ఈ జన్మలో అది చేతకాదు. అందుకని ఆవిణ్ణి మేడమ్ అనేదాన్ని. ఆవిడకి అది నచ్చలేదు, అయినా భరించింది. ఆ రోజు ఆవిడ నా ముందు ఒక కాగితం, పెన్నూ పెట్టి, ఈమధ్యే యుద్ధం ముగిసిన ఒక దేశపు అధ్యక్షుడికి ఉత్తరం రాయాలంది. ఫలానా మనిషికి వేసిన ఉరిశిక్షను రద్దు చేయమని అడగాలి. మర్యాదగా ఉండాలి, పేజీ దాటకూడదు. అతని పేరు బోర్డు మీద రాసింది.

ఏదో అభ్యాసం అనుకున్నాను. ఇంగ్లీషులో ఉత్తరం అంటే నాకు తెలిసింది ఒక్కటే. ఎనిమిదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు బెత్తం పట్టుకుని బట్టీ పట్టించిన సెలవు చీటీ. అదే రాశాను. రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టి, ఐ హంబ్లీ బెగ్ టు స్టేట్ అని సాగించి, జ్వరం అన్న చోట ఉరిశిక్ష అని, రెండు రోజులు అన్న చోట మిగిలిన జీవితమంతా అని, లీవ్ అన్న చోట లైఫ్ అని మార్చాను. దయచేసి లైఫ్ మంజూరు చేయమని వేడుకుని, కింద యువర్స్ ఒబీడియంట్లీ అని సంతకం పెట్టాను.

మేడమ్ దాన్ని పైకి చదివింది. నా మొహం వేడెక్కిపోయింది. అప్పుడు ఆవిడ కళ్ళజోడు తీసి, తాను ఇన్నేళ్ళుగా ఎన్నో ఉత్తరాలు చదివానని, అడిగింది ఏదైనా సరే ఇచ్చేయాలనిపించిన ఉత్తరం మాత్రం ఇదేనని అంది. ఉన్నిటోపీ పెట్టుకున్న ఒకాయన, ఏ పౌరుడూ ఏ అధ్యక్షుడికీ విధేయుడిగా ఉండాల్సిన పని లేదు, ఆఖరి ముక్క కొట్టేయాలి అన్నాడు. దాని మీద పావుగంట వాదించుకున్నారు. ఒబీడియంట్లీ ఉండాల్సిందేనని తేల్చారు. తర్వాత మేడమ్ ఆ కాగితాన్ని మడిచి, కవర్లో పెట్టి, స్టాంపు అంటించింది.

ఇది నిజంగా పోస్టు చేస్తారా అని అడిగాను. అందరూ నా వంక చూశారు.

మా రెసిడెన్సీ అప్లికేషన్ అప్పటికింకా తేలలేదు. ఆ అధ్యక్షుడికి కోపం వచ్చి ఇక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఏంటి గతి అని ఇంటికెళ్ళగానే మా ఆయన్ని అడిగాను. యుద్ధం నుంచి ఈమధ్యే బయటపడ్డ దేశానికి అంత తీరిక ఉండదులే అని ఆయన ధైర్యం చెప్పాడు.

నేను మళ్ళీ వెళ్ళడానికి కారణం ఉత్తరం కాదు. ఆ బల్ల చివర కూర్చున్న ఒక మనిషి. మా వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆయనే. యాభై ఏళ్ళుంటాయి, నెరిసిన మీసం. రెండేళ్ళుగా రోజూ నా కిటికీ ముందు నుంచి ఆ బండి మీద సరుకు మోసుకెళుతూ చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతాను. అంతకుమించి ఆయన గురించి నాకేమీ తెలియదు. ఆ ఉత్తరాలు వెళ్ళేది ఆయన దేశానికే. దాని పేరు ఇక్కడ రాయను. యుద్ధం ముగిసి మూడేళ్ళయిన దేశం అంటే చాలు.

సోమవారం టీ బ్రేక్‌లో ఆయనే నా పక్కకొచ్చి కూర్చుని కథంతా చెప్పాడు. ఆయన అన్న టైలర్. యుద్ధంలో ఒక రోజు బస్సులో వస్తుంటే, రోడ్డుకడ్డంగా తాడు కట్టి కాపలా కాసే చోట సాయుధులు ఆయన్ని దింపేశారు. అంతే, మళ్ళీ కనబడలేదు. యుద్ధం అయ్యాక కొత్త ప్రభుత్వం కోర్టులు పెట్టింది. శిక్షలు పడినవాళ్ళ జాబితా పేపర్లో వేసింది. అందులో ఆ తాడు దగ్గర నిలబడ్డ కుర్రవాడి పేరూ ఉంది. ఉరిశిక్ష.

అలాంటప్పుడు మీకు సంతోషంగా ఉండాలి కదా అని అడిగాను. అడిగిన తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆయన నొచ్చుకోలేదు.

"అతన్ని చంపేస్తే నేనెవర్ని అడగాలి సిస్టర్? మా అన్నని ఎక్కడ పాతిపెట్టారో అతనికి తెలిసి ఉంటుంది. మా అమ్మ రోజూ ఫోన్లో అదే అడుగుతుంది."

అలా నేను ఆ గుంపులో మనిషినైపోయాను. నా ఈమెయిళ్ళు మాత్రం మారలేదు.

మూడు నెలల తర్వాత మేడమ్ సంతకాల సేకరణ మొదలుపెట్టించింది. అదే రోజుల్లో మా అత్తగారు విజిటర్ వీసా మీద ఒంగోలు నుంచి వచ్చింది. మా అత్తయ్యకి న్యాయశాస్త్రంలో ఒకే ఒక్క సెక్షన్ తెలుసు. పొద్దున లేవగానే ఫోన్లో టీవీ చర్చలు పెట్టుకుని, నేరం వినగానే తీర్పు చెప్పేసేది: ఉరి తియ్యాల్సిందే. మా ఇంటి గేటుకడ్డంగా ఎవరో కారు పెట్టి పోయినా అదే తీర్పు. అలాంటి మనిషిని శనివారాలు ఇంట్లో ఒంటరిగా వదల్లేక, ఉరిశిక్ష వద్దని సంతకాలు పెట్టించే బల్ల దగ్గరికి వెంట తీసుకెళ్ళాల్సి వచ్చింది.

ఆ బల్లని మేం మా వీధి చివర ఇండియన్ షాపు ముందు వేశాం, కొత్తిమీర కట్టల బుట్టకీ మామిడిపళ్ళ పెట్టెలకీ మధ్య. షాపు అంకుల్ ఫిజీ నుంచి వచ్చినవాడు. దారికి అడ్డం రాకపోతే చాలన్నాడు గానీ, మా పనంటే ఆయనకి మంట. తన బావమరిది డైరీని, అంటే మూలమీది చిన్న కొట్టుని, దొంగలు కారుతో అద్దాలు గుద్దించి దోచుకుపోయారట. అలాంటివాళ్ళ మీద మీకు జాలి దేనికని నిలదీశాడు. మేడమ్ ఆ దొంగలు దొరికారా అని అడిగింది. దొరికారు, పద్నాలుగేళ్ళ పిల్లకాయలు అన్నాడు. ఉరి వేయించేవారా అని అడిగింది. అంకుల్ బిత్తరపోయి, ఛ ఛ, రెండు చెంపలూ వాయించి వాళ్ళమ్మకి అప్పజెప్పేవాణ్ణి అన్నాడు. మేడమ్ పెన్ను అందించింది. ఆయన సంతకం పెట్టాడు. పై శనివారం మళ్ళీ వాదానికొచ్చి, మళ్ళీ ఓడిపోయి, మళ్ళీ సంతకం పెట్టాడు. ఒక మనిషివి రెండు సంతకాలు చెల్లవని మేడమ్ రెండోది కొట్టేసింది. ఆయన దానికీ వాదించాడు.

నా సంగతి అధ్వానంగా ఉండేది. నన్ను చూసి కొందరు ఇన్సూరెన్స్ అమ్ముతున్నాననుకుని దూరం జరిగేవాళ్ళు. కొందరు మతం మార్చడానికొచ్చాననుకునేవాళ్ళు. ఉరి అనే మాట ఇంగ్లీషులో నా నోట సరిగ్గా రాక, ఒక పంజాబీ ఆవిడ నేను బట్టల హ్యాంగర్లు అమ్ముతున్నాననుకుని ధర అడిగింది.

అత్తయ్య రెండు వారాలు నా వెనకాల కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ, ఆ ఖైదీలని ఉరి తియ్యాల్సిందేనని తెలుగులో గొణుగుతూ ఉండేది. మూడో వారం ఫోర్క్‌లిఫ్ట్ ఆయన వచ్చి అత్తయ్యకి టీ తెచ్చిచ్చి, వంగి నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే ఆవిడ నా కొంగు లాగినట్టు కోటు అంచు లాగింది.

"అమ్మాయ్, ఆ మనిషి వాళ్ళన్నకి కర్మలు చేశారా?"

"శరీరమే దొరకలేదు అత్తయ్యా."

"ఎక్కడ పెట్టారో ఆ జైల్లో వాడికి తెలుసన్నావుగా."

"తెలుసని ఆయన ఆశ."

"అట్టయితే వాణ్ణి ఇప్పుడే ఎట్టా ఉరేస్తారు? బుద్ధుందా వాళ్ళకి? ఏదీ, ఆ కాగితం ఇటియ్యి."

ఆ రోజు నుంచి మా బల్లకి కళ వచ్చింది. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, హిందీ రాదు. అయినా ఆవిడ చెయ్యి ఊపి పిలిస్తే రానివాళ్ళు లేరు. ఇటు రా అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు, పున్నెం ఉంటది అంటూ తెలుగు పిల్లల్నీ, గుజరాతీ ముసలమ్మల్నీ, ఒకసారి సామాను దించడానికొచ్చిన ఒక భారీ సమోవన్ డ్రైవర్‌నీ కూర్చోబెట్టి సంతకాలు పెట్టించింది. మేడమ్ ముచ్చటపడి, ఈవిడ వాళ్ళకి ఏం చెబుతోందో కాస్త తర్జుమా చెయ్యమని నన్ను అడిగింది.

నేను విన్నాను. విని, ఉన్నది ఉన్నట్టు మేడమ్‌కి చెప్పాను. చదువుకోవడానికొచ్చిన ఆడపిల్లలతో అత్తయ్య, ఈ సంతకం పెడితే మంచి సంబంధం కుదురుతుందని చెబుతోంది.

మేడమ్ నవ్వలేదు. దేనికి సంతకం పెడుతున్నారో తెలియకుండా పెట్టించింది సంతకం కాదంటూ, ఆ పేజీలో పదకొండు పేర్లు స్కేలు పెట్టి మరీ కొట్టేసింది. అత్తయ్యకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. పై శనివారం మాత్రం నాకంటే ముందే తయారై, షాపు ముందు నిలబడి, వచ్చేవాళ్ళ మొహాలు పట్టి పట్టి చూసి, పదకొండు మందిలో ఐదుగురిని పట్టుకుంది. ఈసారి నన్ను పక్కన నిలబెట్టుకుని, అసలు విషయం మొత్తం నా చేత చెప్పించింది. ఐదుగురూ మళ్ళీ పెట్టారు. అందులో ఒకమ్మాయి, అయితే సంబంధం మాటేంటి ఆంటీ అని అడిగింది. అది నేను విడిగా చూస్తాలే అంది అత్తయ్య.

ఒకసారి మేడమ్‌ని అడిగాను, మీకెందుకు ఈ పని అని. ఆవిడ చిన్నప్పుడు ఈ దేశంలోనూ ఉరి ఉండేదట. ఒక పొద్దున రేడియోలో ఆ వార్త వస్తుంటే, వాళ్ళ నాన్న లేచి రేడియో కట్టేసి, టిఫిన్ ముట్టుకోకుండా ఆవుల దగ్గరికి వెళ్ళిపోయాడట. ఆయన మామూలుగా కోపిష్ఠి. ఆ రోజు ఎవర్నీ ఏమీ అనలేదు. అదే నన్ను భయపెట్టింది అంది.

సంతకాల కాగితాలతో ఒక అరటిపళ్ళ అట్టపెట్టె నిండింది. వాటిని ఎవరికివ్వాలన్నది ప్రశ్న. అదృష్టంకొద్దీ ఆ దేశం నుంచి ఒక ప్రభుత్వ బృందం ఆక్లాండ్ వచ్చింది. మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక హాల్లో వాళ్ళ దేశస్థులు తేనీటి విందు పెట్టారు. ఫోర్క్‌లిఫ్ట్ ఆయన మా ముగ్గురినీ, అంటే మేడమ్‌నీ, నన్నూ, అత్తయ్యనీ అతిథులని చెప్పి లోపలికి తీసుకెళ్ళాడు. ఒకరి ఇంటికి ఉత్త చేతులతో ఎట్టా పోతామని అత్తయ్య ఒక పెద్ద గిన్నెడు పులిహోర చేసింది. ఆ గిన్నె నా ఒళ్ళో, సంతకాల పెట్టె మేడమ్ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం.

బృందం నాయకుడు అరవై ఏళ్ళ మనిషి. బిగించిన టై, నిద్రలేని కళ్ళు. మేడమ్ నిటారుగా నిలబడి, తాను స్కూల్లో మాట్లాడే గొంతుతో విషయం చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, అమ్మా, నేను వ్యవసాయ శాఖ, ఇక్కడికొచ్చింది తోటలూ కోల్డ్ స్టోరేజీలూ చూడటానికి అన్నాడు. మా అందరికీ నీరసం వచ్చింది. మేడమ్‌కి రాలేదు.

"న్యాయశాఖ మీ ఆఫీసుకి ఎంత దూరం?" అని అడిగింది.

ఆయన మొదటిసారి నవ్వాడు. "పై అంతస్తు. రాజధానిలో మిగిలిన బిల్డింగ్ అదొక్కటే. అన్ని శాఖలూ అందులోనే ఉన్నాయి. వాళ్ళ పైపు కారితే నా ఫైళ్ళే తడుస్తాయి."

అప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ ఆయన వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఆ పెద్దమనిషి మధ్యలో ఒక్క మాట అడిగి, జేబులో కాగితం లేక టీ బల్ల మీది న్యాప్కిన్ తీసి దాని మీద రాసుకున్నాడు. అన్నగారి పేరు రాసుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ పెద్దమనిషి మేనల్లుడు కూడా అలాగే ఒక రోడ్డు మీద పోయాడట.

అంతలో అత్తయ్య ముందుకొచ్చి అందరికీ పులిహోర పెట్టింది. పెద్దమనిషి పోపులోని పచ్చిమిరపకాయని ఏ బీన్స్ ముక్కో అనుకుని నమిలేశాడు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. కారం అని నేను చెప్పేలోపే అత్తయ్య ఆయన వీపు నిమురుతూ, ఊరుకో నాయనా, అన్నీ దేవుడు చూసుకుంటాడు అంటోంది. ఆయన మంచినీళ్ళు తాగి, సంతకాల పెట్టెని తానే మోసుకెళ్ళి తన కారులో పెట్టుకున్నాడు.

ఆ పెట్టె పై అంతస్తు చేరిందో లేదో మాకు ఎప్పటికీ తెలియలేదు. అలాంటి పెట్టెలు ఎన్నో దేశాల నుంచి వెళ్ళి ఉంటాయి. అత్తయ్య ఇండియా వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి ఆ ప్రభుత్వం ఉరిశిక్షలు ఆపింది. చట్టం తీసేయలేదు, ఆపింది. ఉరిశిక్ష పడినవాళ్ళకి దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఆ తాడు దగ్గర కుర్రవాడు బతికాడు. ఆ నిర్ణయానికి వారం ముందు మాత్రం జాబితాలో పైనున్న నలుగురిని ఉరి తీసేశారు. శనివారం మేడమ్ ఆ నాలుగు పేర్లూ చదివింది. మూడోది, తొలిరోజు బోర్డు మీద చూసి నేను ఉత్తరం రాసిన పేరు. నా సెలవు చీటీ మంజూరు కాలేదు. ఆ రోజు టీ చేసినా ఎవరూ తాగలేదు.

ఫోర్క్‌లిఫ్ట్ ఆయన నెల రోజులు సెలవు పెట్టి వాళ్ళ దేశం వెళ్ళాడు. తిరిగొచ్చిన శనివారం హాలుకొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. మేం అడగలేదు. ఆయనే చెప్పాడు.

కోపంగా మాట్లాడాలని విమానంలో దారి పొడుగునా సాధన చేశాడట. తీరా జైల్లో ఆ కుర్రవాణ్ణి తెచ్చి ఎదురుగా కూర్చోబెడితే వాడికి జలుబు. ముక్కు కారిపోతోంది, చేతులకి బేడీలు, తుడుచుకోవడానికి లేదు. సాధన చేసిందంతా మర్చిపోయి ఈయన లేచి తన రుమాలుతో తుడిచాడు. తర్వాత అడిగాడు.

"అతనికి తెలియదు," అన్నాడు మాతో. "బస్సులోంచి దింపి ట్రక్కు ఎక్కించాడు. ట్రక్కు ఎటు వెళ్ళిందో చూడలేదు. అప్పుడు అతనికి పంతొమ్మిదేళ్ళు. నిజమే చెబుతున్నాడని నాకు అనిపించింది."

ఉన్నిటోపీ ఆయన నెమ్మదిగా, మరి ఇదంతా చేసినందుకు ఇప్పుడు ఏమనిపిస్తోంది అని అడిగాడు.

"నాకు కావలసింది దొరకలేదు. అయినా అతను బతికున్నాడని నాకు బాధగా లేదు. అంతే చెప్పగలను."

ట్రక్కు నడిపినవాడి పేరు మాత్రం ఆ కుర్రవాడు చెప్పాడట. వాడు ఇంకో జైల్లో ఉన్నాడు, కేసు ఇంకా నడుస్తోంది. చట్టం అలాగే ఉంది కాబట్టి వాడికీ ఉరి పడొచ్చు. మేడమ్ ఆ పేరు బోర్డు మీద రాసి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయా అని అడిగింది. మేం కాగితాలు తీశాం.

ఇదంతా వీడియో కాల్లో అత్తయ్యకి చెప్పాను. ఇప్పుడేమంటారు అత్తయ్యా ఉరి గురించి అని అడిగాను. "చెడ్డోళ్ళని తియ్యాల్సిందే," అంది. "వీళ్ళని కాదులే."

తిరిగొచ్చిన ఆ శనివారమే ఫోర్క్‌లిఫ్ట్ ఆయన ఇంకో సంగతి చెప్పాడు. జైలు బయట ఆ కుర్రవాడి తల్లి కాచుకుని కూర్చుందట. ఈయనెవరో ఆవిడకి తెలుసు. తలెత్తి చూడలేదు. ఉత్తరాలు రాసిన వాళ్ళకివ్వమని ఒక గుడ్డసంచి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నిండా ఎండబెట్టిన మల్బరీ పళ్ళు. ఇంట్లో ఎండబెట్టినవి, ఆకులూ పుల్లలూ అన్నీ ఉన్నాయి. ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో ఈయన నిజాయితీగా కాగితం మీద రాసి చూపించాడు. అక్కడి ఆఫీసరమ్మాయి సారీ చెప్పి, ఇవి లోపలికి రాకూడదు అంది. బయటి పురుగూ విత్తనమూ ఈ దేశంలో అడుగుపెట్టకూడదు కదా. తనిఖీ గీత దాటే ముందు తినొచ్చా అని ఈయన అడిగితే, ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, త్వరగా అందట. నిలబడే రెండు పిడికిళ్ళు తిన్నాడు. మిగతాది చెత్తడబ్బాలో వేసేశారు.

మా తరఫున తిన్నానని చెప్పాడు. ఎలా ఉన్నాయని మేడమ్ అడిగింది. తియ్యగా ఉన్నాయి, కాస్త ఇసుక తగిలింది అన్నాడు.